బరువు పెరిగింది, కండ తరిగింది

కీమో మందు ఎంత ఇవ్వాలో మనిషి ఎత్తూ బరువూ చూసి లెక్కగడతారు. ఆ రెంటినీ బట్టి ఒంటి వైశాల్యం తేలుస్తారు, ఆ వైశాల్యాన్ని బట్టి మిల్లీగ్రాములు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కాగితం మీద గుణించేదాన్ని. రిటైరయ్యే నాటికి కంప్యూటరు చేసిపెట్టేది. లెక్క మాత్రం అదే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, డోసు అంతా సిస్టమే చెప్పేస్తుంటే ఇక మనం చూసేదేముంది?" అని అడుగుతారు. మనిషిని చూడండి అంటాను. ఆ మాట వాళ్ళకి పెద్దవాళ్ళు చెప్పే మామూలు సలహాలా వినబడుతుందని నాకు తెలుసు. అందుకే ఈ ఒక్క కేసూ వివరంగా రాస్తున్నాను.

మా ఆస్పత్రి మేడ్చల్ హైవే నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. నేను అక్కడ క్లినికల్ ఫార్మసిస్టుగా చేసేదాన్ని. డాక్టర్లు రాసిన మోతాదు సరిచూడటం, మందు కలిపించడం, ఎలా వాడాలో రోగికి అర్థమయ్యేలా చెప్పడం నా పని. మాది గోదావరి వైపు. పెళ్ళయ్యాక ఇటొచ్చి, దూలపల్లిలో ఇల్లు కట్టుకుని ఇక్కడివాళ్ళమే అయిపోయాం. మొదట్లో నా మాట విని రోగులు నవ్వేవాళ్ళు. తర్వాత వాళ్ళ మాట నాకు పట్టుబడింది. ఇంట్లో పొరపాటున "జర ఆగుండ్రి" అంటే మా ఆయన నవ్వడం మొదలుపెట్టాడు.

మా పెద్ద డాక్టరు గారి గురించి చెప్పాలి. మంచి డాక్టరు. మనిషి కూర్చుని మాట్లాడటం నేను చాలా తక్కువ చూశాను. అన్నీ నడుస్తూనే. డోసు తగ్గించమంటే మాత్రం అక్కడికక్కడే ఆగిపోయేవారు. "భయపడి మందు తగ్గించి, జబ్బు తిరగబెట్టిన వాళ్ళని నేను చాలామందిని చూశానమ్మా. వాళ్ళెవరూ నా దగ్గరికొచ్చి, వాంతులు తక్కువయ్యాయి థాంక్స్ డాక్టర్ అని చెప్పలేదు," అనేవారు. ఆ మాట నిజమే. నేను ఆయనతో వాదించిన ప్రతిసారీ ఆ మాట నిజమని ఒప్పుకునే వాదించాను.

ఇక మన మనిషి. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. యాభై దాటి ఉంటాయి. భార్య ఆ చేపల్ని మేడ్చల్ మార్కెట్లో అమ్మేది. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ పూర్తిగా పోయింది కానీ పక్కనున్న లింఫు గ్రంథుల్లో జాడలు కనిపించాయి. అంటే కీమో తప్పదు. మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరంలోకి ఎక్కించాలి, ఇంటి దగ్గర మాత్రలు వేసుకోవాలి. ఇది చివరి ప్రయత్నంగా ఇచ్చే మందు కాదు. పూర్తిగా నయం కావడానికి ఇచ్చే మందు. కాబట్టి పెద్ద డాక్టరు గారు ఒక్క మిల్లీగ్రాము కూడా వదలరని అందరికీ తెలుసు.

ఆక్సాలిప్లాటిన్‌కి ఒక గుణం ఉంది. నరాల మీద పడుతుంది. ఎక్కించిన మొదటి రోజుల్లో చల్లటిది ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లనీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. మామూలుగా ఇది కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకుండా వేళ్ళ తిమ్మిరి నిలిచిపోతే మాత్రం నరం దెబ్బతింటోందని అర్థం. ఆపరేషన్ పుండు మానేదాకా ఆయన ఎలాగూ నీళ్ళలో దిగకూడదు. దిగినా ఆ చలికి తట్టుకోలేడు. మొదటి డోసు రోజున ఇదంతా చెబితే నవ్వాడు.

"మేడమ్, నేను పుట్టి పెరిగిందే నీళ్ళల్ల. నన్ను సల్ల నీళ్ళు ముట్టొద్దంటున్నరా?"

"కొన్నాళ్ళే. గోరువెచ్చగా చేసుకోండి."

"చెరువునెట్ల గోరువెచ్చగ జేస్తరు మేడమ్?" అన్నాడు. డేకేర్ సిస్టరు కూడా నవ్వింది.

రెండో డోసు బాగానే జరిగింది. మధ్యలో కడుపునొప్పి అంటే స్కాన్ తీశారు, భయపడాల్సిందేమీ లేదు. మూడో డోసుకి వచ్చేసరికి బరువు పెరిగాడు. క్యాన్సర్ వార్డులో బరువు పెరగడమంటే పండగలాంటిది. సిస్టరు తూకం చూసి "అన్నా, మస్తు తింటున్నవా ఏంది?" అని మెచ్చుకుంది. ఆయన భార్య మొహం వెలిగిపోయింది. డాక్టరు గారు నడుస్తూనే "గుడ్, గుడ్" అన్నారు. బరువు పెరిగింది కాబట్టి వైశాల్యం పెరిగింది, వైశాల్యం పెరిగింది కాబట్టి మందూ కొంచెం పెరిగింది. నేను సరిచూసి సంతకం పెట్టాను. లెక్కలో తప్పేమీ లేదు, ఇవాళ మళ్ళీ చూసినా ఉండదు.

నాలుగో డోసుకి ముందు మాత్రలు ఎలా వేసుకుంటున్నారో అడగడానికి భార్యాభర్తల్ని నా గదిలో కూర్చోబెట్టాను. మాటలతో అడిగితే అందరూ "మంచిగనే వేసుకుంటున్న" అంటారు. అందుకని స్ట్రిప్ చేతికిచ్చి ఒక మాత్ర తీసి చూపించమనడం నా అలవాటు. ఆయన స్ట్రిప్ పట్టుకున్నాడు. బొటనవేలితో నొక్కాడు. వేలు జారింది. మళ్ళీ నొక్కాడు. మాత్ర ఉన్న గుబ్బ పక్కన, ఖాళీ రేకు మీద నొక్కుతున్నాడు. వేలికి ఆ సంగతి తెలియడం లేదు. భార్య చప్పున లాక్కుని మాత్ర తీసి బల్ల మీద పెట్టింది.

"నేనే తీసిస్త మేడమ్ రోజూ," అంది. ఆ తర్వాత ఇద్దరూ నేల చూశారు.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే చొక్కా చేయి పైకి జరిగింది. జీవితమంతా వలలు లాగిన దండచెయ్యి అది. చర్మం వదులై వేలాడుతోంది. చెంపలు నిండుగా ఉన్నాయి, పొట్ట గుండ్రంగా ఉంది, భుజం దగ్గర మాత్రం ఎముక పొడుచుకొచ్చి కనిపిస్తోంది. ప్యాంటు తొడల దగ్గర గాలికి ఊగుతోంది. ఇన్నాళ్ళూ మేమందరం ఆ పొట్టనే చూశాం. మంచం మీద పడుకుని ఉన్నా, కుర్చీలో కూర్చున్నా ముందు కనిపించేది అదే మరి.

ఈ మందులు ఎక్కువగా నీరూ కండా ఉన్న చోట్లకి పరుచుకుంటాయి. కొవ్వులోకి పెద్దగా పోవు. కండ తక్కువున్న మనిషికి, పక్కవాడితో సమానమైన ఎత్తూ బరువూ ఉన్నాయని సమానంగా మందు ఇస్తే, పరుచుకునే చోటు తక్కువై ప్రభావం ఎక్కువయ్యే అవకాశం ఉంది. నాకు ఇది అప్పటికే చదివి తెలుసు. చదివింది కుర్చీలో నా ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

వాళ్ళని బయట కూర్చోమని నేను నేరుగా స్కానింగ్ విభాగానికి వెళ్ళాను. అక్కడి డాక్టరు నాకు స్నేహితుడు, నాతో మాట్లాడుతూ టీ తాగే రకం. ఆపరేషన్‌కి ముందు తీసిన స్కానూ, కడుపునొప్పికి తీసిన స్కానూ పక్కపక్కన పెట్టమన్నాను. నడుము దగ్గర, ఒకే ఎత్తులో రెండు చిత్రాలు. కండ ఒక ఛాయలో కనిపిస్తుంది, కొవ్వు ఇంకో ఛాయలో. ఆయన చాలాసేపు టీ ముట్టుకోలేదు.

"మనిషి పెరిగాడమ్మా," అన్నాడు చివరికి. "కండ తరిగింది. వెన్ను పక్కన చూడు, ఉన్న కండలో కూడా కొవ్వు చారలు. పేగు చూశాను, కాలేయం చూశాను, దీని గురించి నన్నెవరూ అడగలేదు."

"ఇప్పుడు నేను అడుగుతున్నాను కదా. కొలిచి రాసివ్వండి," అన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం డాక్టర్లందరూ కూర్చుని కేసులు చర్చించే మీటింగు ఉంది. ఈ కేసు పట్టికలో లేదు. నేను అడిగి చేర్పించాను. పెద్ద డాక్టరు గారు తెర మీద రెండు చిత్రాలూ చూసి, ఎప్పటిలా నిలబడే మాట్లాడారు.

"కండ కొలిచి డోసు వెయ్యమని ఏ మార్గదర్శకంలో ఉంది?"

"లేదు సార్. కండ కొలిచి డోసు వెయ్యమని నేనూ అనడం లేదు. డోసుల మధ్య తిమ్మిరి తగ్గకపోతే తగ్గించమనీ, పనులు చేసుకోలేకపోతే ఆపమనీ ఉంది. ఈయనకి తగ్గడం లేదు. ఎందుకు తగ్గడం లేదో ఈ చిత్రంలో కనిపిస్తోంది అంటున్నాను."

"తిమ్మిర్లు లేవని నాతో చెప్పాడే."

"నాతోనూ చెప్పాడు. మాత్ర తియ్యమంటే తియ్యలేకపోయాడు."

చిన్న డాక్టర్లు బల్ల వంక చూస్తున్నారు. ఆయన నా వైపు తిరిగి మెల్లగా అడిగారు: "ఈ మందు ఆపేసి, రెండేళ్ళకి కాలేయంలో గడ్డ కనిపిస్తే ఏం చెబుతావు అతనికి?"

"ఆయన్ని లోపలికి పిలవండి సార్. ముందు చేతులు చూడండి. ఆ తర్వాత మీరేమంటే అది," అన్నాను.

పిలిచారు. అంతమంది డాక్టర్లని చూసి భార్యాభర్తలిద్దరూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. పెద్ద డాక్టరు గారు ఎదురెళ్ళి కుర్చీ చూపించారు.

"చేతులు ఎలా ఉన్నాయి?"

"మంచిగనే ఉన్నయి సార్. ఏం పరేషాన్ లేదు."

"చొక్కా పై గుండీ తీసి మళ్ళీ పెట్టు."

తీయగలిగాడు. పెట్టడం కుదరలేదు. వేళ్ళు గుండీ చుట్టూ తిరుగుతున్నాయి, దొరకడం లేదు. నవ్వబోయాడు. భార్య ఇక ఆగలేకపోయింది.

"ఎందుకు అబద్ధమాడ్తవయ్యా? పదిహేను రోజులసంది గిలాస పట్టుకుంటలేవు. మొన్న ఇంటి సాయబాన్ నీడల వల ముందటేసుకుని ఒక్క ముడి ఎయ్యలేక ఏడిస్తివి. చెప్పు సారుకు!"

ఆయన తల ఎత్తలేదు. "చెప్తే మందు బంద్ జేస్తరు సార్. బంద్ జేస్తే రోగం మళ్ళొస్తదంట గద. మా బామ్మర్దికి గట్లనే అయింది. అందుకే చెప్పలే."

డాక్టరు గారు ఆయన్ని కళ్ళు మూసుకోమన్నారు. దూది తీసుకుని ఒక్కో వేలి కొసనీ తాకుతూ, "ఇప్పుడు ముట్టుకున్నానా? ఇప్పుడు?" అని అడిగారు. మొదట తప్పులు చెప్పాడు. తర్వాత జవాబు చెప్పడమే మానేశాడు. డాక్టరు గారు దూది పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని ఆయన మోకాళ్ళకి ఎదురుగా కూర్చున్నారు. ఆ గదిలో ఆయన కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

"చూడు. ఈ మందు నీకు ఎక్కువైంది. ఇలాగే ఎక్కిస్తూ పోతే చేతులు తిరిగి రాకపోవచ్చు. ఆపితే జబ్బు మళ్ళీ వచ్చే భయం కొంచెం ఉంటుంది. కొంచెమే. మూడు డోసులు పూర్తిగా పడ్డాయి, అది వృథా పోదు. మాత్రలు వేసుకుంటూనే ఉంటావు. నువ్వేమంటావు?"

ఆయన తన వేళ్ళని ఒళ్ళో పరిచి చూసుకున్నాడు. "నాకు పానం గావాలె సార్. చేతులు గూడ గావాలె. చేతుల్లేని పానం మా ఇంట్ల ఎవలకు పనికొస్తది?"

"సరే. రెండూ నిలబెట్టే దారి చూద్దాం," అన్నారు డాక్టరు గారు. నరంలోకి ఎక్కించే మందు ఆపి, మాత్రలు మాత్రం కొనసాగించమని అక్కడే రాశారు. లేచి వెళుతూ నా దగ్గర ఆగి, "నీ మాటే నెగ్గింది. సంతోషమా?" అన్నారు.

"ఇంకా కాదు సార్," అన్నాను. "అసలు కండ ఎందుకు పోయిందో కనుక్కోవాలి."

ఆ పని మా డైటీషియన్ చేసింది. కౌకూర్ నుంచి స్కూటీ మీద వచ్చే చిన్న పిల్ల. మాట మెత్తన, పట్టు గట్టి. పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం తింటున్నాడో ఒక్కొక్కటే అడిగింది. గంజి, పంచదార వేసిన పళ్ళరసం, బిస్కెట్లు, మెత్తన్నం, మళ్ళీ బిస్కెట్లు.

"మరి చేపలు?"

భార్య గట్టిగా తల అడ్డంగా ఊపింది. "నీసు ఒక్కనాడు ముట్టనియ్యలే. కుట్లు చీము పడ్తయని మా ఆడిబిడ్డ చెప్పింది. కోడిగుడ్డు గూడ బంద్."

డైటీషియన్ నా వంక చూసింది. ఊళ్ళో వాళ్ళందరికీ చేపలు పట్టిపెట్టిన మనిషి, రోజూ గంపెడు చేపలు అమ్ముకొచ్చే భార్య, ఇంట్లో మాత్రం నెలల తరబడి గంజి. పైగా కదిలితే కుట్లు విడిపోతాయని మంచం దిగనివ్వలేదు. ప్రేమతోనే. ఆ ప్రేమ పొట్టగా పేరుకుంది, కండ మాత్రం కరిగిపోయింది.

"అక్కా, నీ గంపల మంచి చేప ఏదుంటదో అది మొదలు అన్నకు తియ్యి. మిగిలింది అమ్ము," అంది ఆ పిల్ల. గుడ్డు, పప్పు, పెరుగు చెప్పింది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, కూర్చోవడం నేర్పింది. రోజూ నడవాలంది. "పొట్ట పెంచుడు కాదన్నా, దండ పెంచాలె," అని ఆయన చేయి పట్టుకుని చూపించింది.

ఇక్కడితో అంతా చక్కబడిందని రాస్తే కథ బాగుంటుంది. ఈ మందు అలా చెయ్యదు. ఆపేశాక కూడా కొన్ని నెలలు తిమ్మిర్లు పెరగడం దాని పద్ధతి. ఆ సంగతి వాళ్ళకి ముందే చెప్పాను, రెండుసార్లు చెప్పాను. కానీ ఆస్పత్రిలో వినడం వేరు, ఇంట్లో కళ్ళారా చూడటం వేరు. ఒకరోజు ఆయన భార్య ఒక్కతే ఫార్మసీ కౌంటరు దగ్గరికొచ్చి, అందరూ వింటుండగా నన్ను నిలదీసింది.

"ఆపితే తగ్గుతదంటిరి! ఇప్పుడు కాళ్ళకు గూడ పాకింది. లుంగి కట్టుకుంటలేడు, చెప్పు జారిపోతే తెలుస్తలేదు. మందు బంద్, చేతులు బంద్. ఏం మిగిలింది మాకు?"

ఆమెని లోపలికి తీసుకెళ్ళి నీళ్ళిచ్చాను. "ఇంకా పెరుగుతుంది, తర్వాత ఆగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. నేను చూసినంతలో చాలామందికి ఇదే వరస. అంతవరకు వేడి వస్తువుల దగ్గర జాగ్రత్త, కాలికి దెబ్బ తగిలిందేమో రోజూ చూడు," అన్నాను. ఆమె నీళ్ళు తాగలేదు. వెళ్ళిపోయింది.

ఆ నెలల్లో నాకు నిద్ర పట్టలేదని రాస్తే మీరు నమ్ముతారు. కానీ అది అబద్ధం. బాగానే పట్టింది. కారణం చూసి, పుస్తకం చూసి, మనిషిని చూసి, పదిమంది ముందు తీసుకున్న నిర్ణయం అది. ఫలితం మన చేతిలో ఉండదు, నిర్ణయం ఉంటుంది. పెద్ద డాక్టరు గారికి మాత్రం అంత తేలిక కాలేదనుకుంటాను. వరండాలో ఎదురైనప్పుడల్లా "చేపలాయన ఎలా ఉన్నాడు?" అని అడిగేవారు. ఆయన అడిగేది చేతుల గురించా, కాలేయం గురించా అన్నది నాకెప్పుడూ తెలియలేదు. రెండింటి గురించీ అయ్యుంటుంది.

ఎండాకాలం వచ్చాక ఒక ఆదివారం పొద్దున నేనూ మా ఆయనా చేపల కోసం శామీర్‌పేట వెళ్ళాం. చెరువు కట్ట దిగువన నీడలో ఆయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో వల. నన్ను చూసి లేచాడు, చేతులు ఆన్చకుండా. అది నేను వెంటనే గమనించాను.

"ఆస్పత్రిల తిడ్తరేమో మేడమ్, బరువు తగ్గిన," అన్నాడు భయంగా.

పొట్ట తగ్గింది. చొక్కా భుజాల దగ్గర నిండింది. "ఎవరు తిడతారో నేను చూస్తాను," అన్నాను. వల చూపించమన్నాను. ముడి వేసి చూపించాడు. మెల్లగా వేశాడు, వేళ్ళని కళ్ళతో చూసుకుంటూ వేశాడు. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయన్నాడు. "ఎనుకట పక్కకు సూసుకుంట ముచ్చట వెట్టుకుంట ఎస్తుంటి. ఇప్పుడు సూసి ఎయ్యాలె. ఏమైతది, ఎస్తున్న గద." ఆయన భార్య మాకు రెండు బొచ్చె చేపలు తూచి, కౌంటరు దగ్గర అరిచిన సంగతి ఎత్తకుండా, ఇంకోటి పైన వేసింది.

ఆ తర్వాత మా ఆస్పత్రిలో డోసు లెక్క మారలేదు. మారాలని నేను పోరాడనూ లేదు, అంత రుజువు ఇంకా లేదు. మారిందల్లా స్కానింగ్ డాక్టరు తన రిపోర్టులో కండ గురించి ఒక వాక్యం రాయడం, తూకం దగ్గర సిస్టరు మెచ్చుకునే ముందు దండ పట్టి చూడటం. అన్నిసార్లూ నా అనుమానం నిజం కాలేదు. ఒకసారి కొత్తగా చేరిన డాక్టరొకాయన, లావుగా ఉన్న రొమ్ము క్యాన్సర్ పేషెంటుకి "ఇంత మందు తట్టుకోలేదు" అని డోసు కోసేయబోయాడు. ఆమె పొలంలో పనిచేసే మనిషి, స్కాన్‌లో కండ గట్టిగా ఉంది. లావు చూసి తగ్గించడం కూడా తప్పే అని అడ్డుపడింది నేనే. పూర్తి డోసు పడింది, తట్టుకుంది. పెద్ద డాక్టరు గారు ఆ రోజు నన్ను చూసి, "ఇవాళ నువ్వు నా పార్టీ," అన్నారు. నాకు పార్టీ లేదు సార్ అన్నాను. లావూ సన్నమూ పైకి కనబడేవి. మందుకి కావాల్సింది లోపలి సంగతి. అది చూడకుండా పెంచినా, చూడకుండా తగ్గించినా ఒకటే.

నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు చేపలాయన ఐదేళ్ళ పరీక్షలకి వచ్చాడు. రక్తం, స్కాన్, పేగు లోపల కెమెరా, అన్నీ అయ్యాయి. ఎక్కడా ఏమీ లేదు. డాక్టరు గారు నన్ను కూడా పిలిపించారు.

"ఇక నువ్వు రానక్కర్లేదు," అన్నారు ఆయనతో.

ఆయనకి అర్థం కాలేదు. "మళ్ళ ఎప్పుడు రావాలె సార్?"

"రావద్దు. ఏదైనా ఇబ్బందైతే తప్ప రావద్దు. అయిపోయింది."

ఆయన భార్య వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇగ రావద్దంటున్నరా?" అన్నాడు మళ్ళీ, ఎవరో ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నట్టు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. డాక్టరు గారు బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆయన ఎడమ చేతిని, ఆ చివరి రెండు వేళ్ళతో సహా, తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. వదలకుండా అలాగే గట్టిగా పట్టుకుని నిలబడ్డారు.

చేపలాయన కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత మొహమాటంగా అన్నాడు:

"జర మెల్లగ సార్. నొస్తాంది."